గది కళ్ళజోడు

మా అత్తవారింట్లో కిటికీని కళ్ళజోడు అంటారని నేను చాలా రోజులు నమ్మాను.

నమ్మకేం చేస్తాను? కాపురానికి వచ్చిన మర్నాడు పొద్దున అత్తయ్య హాల్లోకి వచ్చి, "ఉక్కపోస్తోంది, ఆ కళ్ళజోడు కాస్త తెరవరా" అంది. మా ఆయన చదువుతున్న పేపరు మడిచి, లేచి వెళ్ళి కిటికీ తెరిచి, మళ్ళీ వచ్చి పేపరు విప్పుకున్నాడు. మావయ్య తల కూడా ఎత్తలేదు. ఎవరి మొహంలోనూ ఏ మార్పూ లేదు. కింద కళ్ళజోళ్ళ దుకాణం, పైన కాపురం ఉన్న ఇల్లు అది. పొద్దున లేస్తే అద్దాలు అరగదీసుకునే వాళ్ళు కిటికీని కళ్ళజోడు అనుకోవడంలో వింతేముంది? దానికీ రెండు రెక్కలే, రెండు అద్దాలే. అందులోంచి చూస్తేనే లోకం కనిపించేది. నాకు భలే ముచ్చటేసింది.

ఏ ఇంటి భాష ఆ ఇంటిది. మా పుట్టింట్లో మూడు కాళ్ళ స్టూలు ఒకటుండేది. ఎప్పుడు అలిగి పక్కకు ఒరుగుతుందో తెలియదని దాన్ని బావగారు అనేవాళ్ళం. పెళ్ళయిన కొత్తలో మా ఆయన మా ఇంటికి వచ్చినప్పుడు అమ్మ వంటింట్లోంచి, "బాబూ, ఆ బావగారి కాళ్ళు విరిగేలా ఉన్నాయి, మీరు కూర్చోకండి" అంటే, పాపం, ఆయన చుట్టూ చూసి గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. ఇప్పుడు నా వంతు వచ్చిందనుకున్నాను.

అలా ఒక్కొక్క మాటే పోగేసుకున్నాను. దువ్వెన అంటే తల చీపురు. ఫ్రిజ్ అంటే చలి బీరువా. దిండు మెత్తటి ఇటుక. అత్తయ్య నోట్లోంచి ఒక కొత్త మాట ఊడిపడితే చాలు, గిన్నెలో పడ్డ రూపాయి బిళ్ళలా అది రోజంతా నాలో గలగలమనేది. అమ్మకు ఫోన్ చేసి అన్నీ వరసపెట్టి చెప్పాను. అత్తగారు రచయిత్రి కదా, ఆ మాత్రం చమత్కారం ఉంటుందిలే, ఆవిడ ఎలా అంటే నువ్వూ అలాగే అను, తొందరగా కలిసిపోతావు అని అమ్మ సలహా. ఆ సలహా నాకు బెల్లం ముక్క దొరికినట్టే అయింది. మర్నాటి నుంచి నేనూ కళ్ళజోడు తెరవడం, కళ్ళజోడు మూయడం మొదలుపెట్టాను.

అత్తయ్య ఒక వారపత్రికలో చాలా ఏళ్ళు ప్రూఫులు దిద్దింది. తరవాత అదే పత్రిక చివరి పేజీలో "ఇంటి మాట" అని వారం వారం రాసేది. గుండీ ఊడిన చొక్కా మీద, ఎవరూ కూర్చోని కుర్చీ మీద, పొరుగింటి వాళ్ళు ఒక మాటను పలికే తీరు మీద. కాలేజీ హాస్టల్లో ఆ పేజీ కోసం మేము కొట్టుకునేవాళ్ళం. అందులోని ఒక వాక్యం నా గది తలుపు మీద అతికించుకున్నాను కూడా: నోరు జారితే నాలిక కరుచుకుంటాం, అచ్చు జారితే ఊరంతా నేర్చుకుంటుంది. ఈ సంబంధం వచ్చినప్పుడు అబ్బాయి ఫొటో కంటే ముందు ఆ అబ్బాయి వాళ్ళ అమ్మ ఎవరో చూసి తల ఊపాను. ఈ సంగతి మా ఆయనకు చెబితే కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, "ఇప్పుడు బావున్నానా, ఇందాక బావున్నానా?" అన్నాడు.

అది వాళ్ళ దుకాణం మాట. కళ్ళు పరీక్ష చేసేటప్పుడు ఒక అద్దం తీసి ఇంకోటి వేస్తూ అలా అడుగుతారు. మావయ్య టీ తాగుతూ కూడా అలాగే అడుగుతారు, మంచం జరిపినా అలాగే అడుగుతారు. మధ్యాహ్నం నేను దుకాణంలోకి వెళితే, అన్ని గోడలకూ చిన్న చిన్న అద్దాలు కదా, మా ఆయన ఒక్కడు నవ్వితే అయిదారు చోట్ల నుంచి నవ్వేవాడు. ఏ నవ్వుకు తిరిగి నవ్వాలో తెలియక నేను తల దించుకునేదాన్ని. ఎండలు మండిపోతున్నాయని అందరూ తిట్టుకున్న ఆ వేసవిలో నాకు చెమట పట్టడం కూడా బాగానే ఉండేది.

అత్తయ్య ఎప్పుడూ చేత్తోనే రాసేదట. ఆ వేసవిలో మాత్రం, కళ్ళు లాగుతున్నాయి, నేను చెబుతాను, నువ్వు కంప్యూటర్లో కొట్టిపెట్టు అమ్మాయ్, అంది. నాకు కాళ్ళు నేల మీద ఆగలేదు. హాస్టల్ తలుపు మీద అతికించుకున్న మనిషి నా పక్కన కూర్చుని చెబుతుంటే నేను టైపు చేయడం. పొద్దున్నే, దుకాణం షట్టరు లేవకముందే కూర్చునేవాళ్ళం. ఆవిడ కళ్ళు మూసుకుని చెప్పేది.

"పొద్దున లేచి గది కళ్ళజోడు తెరిచాను. వీధి ఇంకా ముసుగు తన్ని పడుకునే ఉంది. తల చీపురుతో నెత్తి మీది రాత్రిని ఊడ్చుకున్నాను."

నేను ఒక్క అక్షరం పొల్లుపోకుండా కొట్టాను. ఇంటి భాష అచ్చులోకి ఎక్కుతోందని గర్వం కూడా. అది వచ్చిన వారం పత్రిక ఎడిటర్ ఫోన్ చేశాడు. ఇన్నేళ్ళుగా చూస్తున్నాను, ఇలాంటి మెరుపు ఎప్పుడూ చూడలేదు, వచనంలో కవిత్వం పోశారు, పాఠకులు ఊగిపోతున్నారు, ఇదే ధోరణిలో సాగించండి అని. అత్తయ్య విని, మంచిదండీ అని పెట్టేసింది. తరవాత నన్ను పిలిచి, అతనికి నచ్చింది ఏ ముక్క అయ్యుంటుంది అని అడిగింది. చదివి వినిపించాను.

"అందులో ఏముంది?" అంది. "ఉన్నమాటేగా."

పెద్ద రచయితలకు అణకువ ఎక్కువ అనుకున్నాను. ఆ రోజు సాయంత్రమే మావయ్య ఆవిడకు కొత్త కళ్ళజోడు తెచ్చారు. పాతదానికి ఏమైందని అడిగితే, పవర్ కొంచెం మారినట్టుంది తల్లీ అన్నారు. వేసవి మొదలయ్యాక అది రెండోది. భార్యకు మల్లెపూలు తెచ్చేవాళ్ళుంటారు, ఈయన అద్దాలు తెస్తాడు కాబోలనుకుని అదీ నా ముచ్చట్ల మూటలో కట్టుకున్నాను.

వేసవి సగంలో మా వదిన వచ్చింది. మా ఆయనకు అక్క, వేరే ఊళ్ళో లెక్కల లెక్చరరు. సోడాబుడ్డి కళ్ళద్దాలు, నోరు విప్పితే వెటకారం. కాలేజీకి సెలవులు ఇచ్చాక వచ్చి, గడప దాటకముందే, "ఏమే మరదలా, మా తమ్ముడు ఇంకా తడి తువ్వాలు మంచం మీదే వేస్తున్నాడా, లేక నువ్వు కూడా నేర్చుకున్నావా?" అంది. ఆ ఇంట్లో నాతో సమానంగా గలగలమనే మనిషి దొరికిందని నాకు ప్రాణం లేచివచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం అందరం భోజనానికి కూర్చున్నాం. అత్తయ్య వడ్డిస్తోంది. వదిన వెనక నుంచి ఎండ వచ్చి నా పళ్ళెంలో పడుతోంది.

"వదినా, ఆ కళ్ళజోడు కాస్త మూసేయరూ" అన్నాను.

వదిన చెయ్యి తన కళ్ళద్దాల మీదికి వెళ్ళింది. తీసి చేత్తో పట్టుకుని అటూ ఇటూ చూసింది. "మూయడమేంటే? మడిచి జేబులో పెట్టుకోమంటావా?" అని నవ్వింది.

నేనూ నవ్వాను. "పుట్టింటి భాష అప్పుడే మర్చిపోయారా? మీ వెనక ఉన్న కళ్ళజోడు."

ఇద్దరం నవ్వుతున్నాం. కొంచెంసేపటికి నేనొక్కదాన్నే నవ్వుతున్నానని తెలిసింది. మా ఆయన ఎడమ చేత్తో కుర్చీ వెనక్కి జరిపి, లేచి, వదిన వెనక్కి వెళ్ళి కిటికీ మూశాడు. గది కొంచెం చీకటయింది. వదిన తల తిప్పి, మూసిన కిటికీని చూసింది. తమ్ముణ్ణి చూసింది. మావయ్య పళ్ళెంలోకి చూసుకుంటూ, కలిపిందే మళ్ళీ కలుపుతున్నారు.

"దాన్ని అలా ఎవరంటున్నారు?" అంది వదిన.

అత్తయ్య గరిటె పట్టుకుని వదిన పక్కకు వచ్చి, ఇంకొంచెం వెయ్యనా అని అడిగింది. వదిన తల్లి మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. తరవాత కళ్ళద్దాలు పెట్టుకుని, "వెయ్యమ్మా" అంది. భోజనం పూర్తయింది. ఎంగిలి పళ్ళేలు నేనే తీశాను. అంతే జరిగింది.

పన్ను పీకే ముందు చిగుళ్ళకు సూది వేస్తారు. నోరు అక్కడే ఉంటుంది, మనది కాదు. పెదవి తడుముకుంటే ఎవరిదో పెదవిని పట్టుకున్నట్టుంటుంది. ఆ మధ్యాహ్నం నాకు ఒళ్ళంతా అలాగే అయింది. ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూశాను. రాలేదు. గిన్నెలు తోమాను, బాగా శుభ్రంగా తోమాను.

సాయంత్రం మేడ మీద ఆరిన బట్టలు తీస్తుంటే మా ఆయన వచ్చాడు. ఎప్పటి నుంచి అని అడిగాను. పెళ్ళి మాటలప్పటి నుంచే, మొదట్లో ఎప్పుడో ఒక మాట, తరవాత రోజూ అన్నాడు. నాకెందుకు చెప్పలేదని అడిగితే తువ్వాలు ఒకటి తీసుకుని అంచులు కలిపి, మళ్ళీ విప్పి, మళ్ళీ కలిపాడు.

"చెబుదామనే అనుకున్నా. ఈలోపు నువ్వే 'కళ్ళజోడు మూయనా అత్తయ్యా' అని మొదలుపెట్టావు. నవ్వుకుంటూ. అమ్మా నవ్వింది. నువ్వంటుంటే అది జబ్బులా వినిపించలేదు. ఇంట్లో మామూలు మాటలా వినిపించింది. ఇంకొన్నాళ్ళు అలా విందామనిపించింది."

కోపం తెచ్చుకోవాల్సిన చోటు అది. నాకు తెలుసు. నేను క్లిప్పులన్నీ డబ్బాలో వేసి మూత పెట్టాను. తువ్వాలు ఆ రోజు మంచం మీద వేయలేదు ఆయన.

వదిన ఊరికే కూర్చునే మనిషి కాదు. వారం తిరక్కుండా అత్తయ్యను పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది, నన్నూ రమ్మంది. డాక్టరు బొమ్మలు చూపించి ఇదేమిటి, అదేమిటి అని అడిగాడు. పిల్లి, కుర్చీ, చెట్టు బాగానే వచ్చాయి. తాళంచెవి బొమ్మ దగ్గర ఆగి, "తెరిచేది" అంది. కిటికీ బొమ్మ దగ్గర నా వైపు ఒకసారి చూసింది. అప్పటికే ఆవిడకు ఏదో అర్థమై ఉండాలి.

"దీన్ని మా ఇంట్లో ఒకటంటాం. మీరు ఇంకోటంటారనుకుంటా" అంది.

డాక్టరు నవ్వాడు, రాసుకున్నాడు. తరవాత వదినతో, నాతో విడిగా మాట్లాడాడు. కళ్ళలో ఏ లోపమూ లేదు. పేర్లు ముందు పోతాయి. చేసే పనుల మాటలు ఇంకొంతకాలం ఉంటాయి. పోయినవి తిరిగి రావడం కష్టం. మందులు రాశాడు. వదిన లెక్కల మనిషి కదా, ఎంతకాలం, ఎంత శాతం అని అడిగింది. ఆయన దగ్గర అంకెలు లేవు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అత్తయ్య, నేను ఒక సీట్లో కూర్చున్నాం. చాలాసేపు బయటికి చూసి, "పత్రికలో వచ్చినవి కూడా అలాగే ఉన్నాయా?" అని అడిగింది.

"నేను కొట్టినవన్నీ అలాగే ఉన్నాయి అత్తయ్యా."

"దిద్దలేదా?"

"అలాగే బావున్నాయనుకున్నాను."

ఆవిడ ఒళ్ళోని సంచీ పట్టీని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. ప్రూఫులు చూసినదాన్ని, ఒక్క సున్న పోయినా పట్టుకున్నదాన్ని అని, నాతో కాదు, ఊరికే అంది. దిగే స్టాపు దగ్గరపడ్డాక నా వైపు తిరిగింది.

"ఒక్కటి సరిగ్గా రాసి ఆపేస్తాను. ఒకే ఒక్కటి. నువ్వు మాట అందించకు. తప్పయితే తప్పని చెప్పు, అంతే. మిగతాది నేను వెతుక్కుంటాను."

ఇంట్లో ఎవరి గోల వారిది. వదినేమో, ఇంకా రాయడం ఎందుకు, రేపు నలుగురూ నవ్వితే అమ్మ తట్టుకోలేదు, ఇవాళే ఆపించేయండి అని, సెలవులయ్యాక వెళుతూ వెళుతూ కూడా అదే చెప్పింది. మా ఆయన అటూ అనలేదు, ఇటూ అనలేదు. మావయ్య అయితే డాక్టరు మాట చెవిన వేసుకోనే లేదు. ఆయనకు తెలిసిన జబ్బులు రెండే, దగ్గరిది కనబడకపోవడం, దూరానిది కనబడకపోవడం. ఒకరోజు దుకాణం మూశాక అత్తయ్యను కిందికి పిలిచి పరీక్ష కుర్చీలో కూర్చోబెట్టారు. నేను షట్టరు తాళం ఇవ్వడానికి వెళ్ళి అక్కడే నిలబడ్డాను. అక్షరాల అట్ట మీద దీపం వెలుగుతోంది. అత్తయ్య పై వరసలోని పెద్ద అక్షరం నుంచి అడుగున చీమల్లా ఉన్నవాటి దాకా ఒక్కటి తప్పకుండా చదివేసింది.

"చూశావా తల్లీ" అన్నారు మావయ్య నాతో. "ఈ వయసులో అడుగు వరస ఎవరు చదువుతారు? ఈ కొత్త అద్దం సరిపడింది. ఏమోయ్, ఇప్పుడు బావుందా, ఇందాక బావుందా?"

"అన్నీ కనిపిస్తున్నాయి" అంది అత్తయ్య. "ఇవన్నీ కలిపితే ఏమవుతుంది?"

"ఏమీ అవదు. అవి ఊరికే అక్షరాలు. చూపు కోసం పెట్టినవి."

"నాకిప్పుడు అన్నీ అలాగే ఉంటున్నాయి" అంది.

మావయ్య ఆ గుండ్రటి ఫ్రేము ఆవిడ మొహం మీది నుంచి తీశారు. ముక్కు మీద రెండు ఎర్రటి గుంటలు పడ్డాయి. పసుప్పచ్చ గుడ్డముక్క తీసుకుని అద్దాలు తుడవడం మొదలుపెట్టి, తుడుస్తూనే ఉన్నారు. గోడల మీది అద్దాలన్నిట్లోనూ ఆయన తుడుస్తున్నారు. నేను తాళం బల్ల మీద పెట్టి పైకి వచ్చేశాను.

ఆ తరవాత రోజూ పొద్దున మేమిద్దరం ఆ ఒక్కదాని మీద కూర్చున్నాం. ఆవిడ రాయాలనుకున్నది చాలా మామూలు సంగతి, తాను లేచినప్పటి నుంచి ఇల్లు ఎలా లేస్తుందో. ఇల్లంతా తిరుగుతూ ఒక్కొక్కదాని మీద చెయ్యి పెట్టి పేరు చెప్పేది. తలుపు వచ్చింది. మెట్లు వచ్చాయి. బిందె దగ్గర ఆగి, గ్లాసు అంది, నేను తప్పన్నాను. పళ్ళెం అంది, తప్పన్నాను. నా గొంతు నాకే లెక్కల మాష్టారి గొంతులా వినిపించేది. నాలిక మీదే ఉంది, దిగట్లేదు అని, ఆవిడ బిందె మూతి చుట్టూ వేలు తిప్పుతూ నిలబడేది. నాకు ఆ మాట నోటి నిండా ఉండేది. మింగేసేదాన్ని. దువ్వెన రావడానికి ఒక పూటంతా పట్టింది. వచ్చినప్పుడు చప్పట్లు కొట్టాను. ఆవిడ తల తిప్పి చూసి, "పసిపిల్లకు కొట్టినట్టు కొట్టకమ్మాయ్, నాకు మాటలు పోతున్నాయి కానీ సిగ్గు పోలేదు" అంది. అప్పుడు మాత్రం ఇద్దరం నవ్వుకున్నాం, పాత రోజుల్లోలా కాదు కానీ, నవ్వే.

కొన్ని రోజులు అసలేమీ రాయలేదు. కొన్ని రోజులు నిన్న రాసిందే మళ్ళీ మొదటి నుంచి. నేను ఆ రోజుల్లో ఏమనుకునేదాన్నో గుర్తు తెచ్చుకుందామంటే ఏమీ దొరకదు. ఫ్యాను తిరిగేది. కింద షట్టరు లేచే చప్పుడు వినగానే లేచి టీ పెట్టేదాన్ని. మా ఆయన అద్దాల్లోంచి నవ్వితే నేనూ నవ్వేదాన్ని, ఒకే చోటికి.

చివరికి ఒక ఆదివారం పొద్దున అది పూర్తయింది. దుకాణం లేదు కాబట్టి మావయ్య గుమ్మం దగ్గర నిలబడ్డారు. మా ఆయన మెట్ల మీద కూర్చున్నాడు, చేతిలో పేపరు ఉంది కానీ పేజీ తిప్పిన చప్పుడు లేదు. అత్తయ్య ఎప్పటిలాగే కళ్ళు మూసుకుంది. ఒక్కొక్క మాటకూ మధ్య ఎంతో ఎడం.

"నేను లేస్తాను. తలుపు తీస్తాను. మెట్లు ఇంకా చల్లగా ఉంటాయి. బిందె నింపుతాను. దువ్వెన వెతుక్కుంటాను, అది ఎప్పుడూ వేరేచోట ఉంటుంది. మా ఆయన దగ్గు వినిపిస్తుంది, అబ్బాయి దగ్గు వినిపిస్తుంది, కొత్తగా వచ్చిన అమ్మాయి గాజుల చప్పుడు వినిపిస్తుంది. అప్పుడు కళ్ళజోడు తెరిచి, వీధిని లోపలికి రమ్మంటాను."

కళ్ళు తెరిచింది. చెమట పట్టింది ఆవిడకు, పరీక్ష రాసి వచ్చినట్టు. అంత సంతోషంగా ఆవిడ మొహం నేను అంతకుముందు చూడలేదు.

"తప్పుందా?" అంది.

మెట్ల మీద పేపరు కదల్లేదు. మావయ్య నన్నే చూస్తున్నారు. తప్పయితే తప్పని చెప్పమంది. నేను చెప్పాల్సింది అంతే.

"లేదు అత్తయ్యా" అన్నాను.

ఆవిడ మంచినీళ్ళు అడిగి తాగి, వెళ్ళి పడుకుంది. నేను కంప్యూటరు ముందు కూర్చుని మొత్తం కొట్టాను. చివరి వాక్యం దగ్గరికి వచ్చి, కిటికీ అని కొట్టాను. ఎవరూ కొట్టమనలేదు. మళ్ళీ చదువుకోకుండా పంపేశాను.

పత్రిక వచ్చిన రోజు, మావయ్య తెచ్చిన మూడో కళ్ళజోడు పెట్టుకుని, అత్తయ్య చివరి పేజీ తెరిచి, ప్రూఫులు చూసే అలవాటుకొద్దీ వేలు కింద పెట్టుకుంటూ చదివింది. నేను బల్ల తుడుస్తున్నాను. వేలు ఒకచోట ఆగింది.

"కి, టి, కీ" అని చదివింది. "నేనిలా అన్నానా?"

"అన్నారు."

ఆవిడ ఆ మాట వైపు చాలాసేపు చూసింది. ఎక్కడో చూసిన మనిషి ఎదురుపడితే చూసినట్టు. "అచ్చులో ఉందంటే అదే అయ్యుంటుంది" అంది చివరికి. "నా నోరే జారుతోంది. కిటికీ. కళ్ళజోడు కాదు, కిటికీ." పెదవులు కదుపుతూ ఇంకో రెండుసార్లు అనుకుంది. పత్రిక మడిచి దిండు కింద పెట్టుకుంది.

మర్నాడు ఎడిటర్ ఫోన్ చేశాడు. మావయ్య తీశారు. అత్తయ్య రాయడం ఆపేస్తోందని చెబితే బాధపడ్డాడు. తరవాత మొహమాటపడుతూనే, ఈసారిది కొంచెం మామూలుగా ఉందండీ, ఆ పాత మెరుపు లేదు, చివర్లో అన్నా ఒకటి పడుతుందనుకున్నాను అన్నాడట. మావయ్య ఆ ముక్క అత్తయ్యకు చెప్పలేదు, వంటింట్లోకి వచ్చి నాకు చెప్పి, మళ్ళీ కిందికి వెళ్ళిపోయారు.

వానలు మొదలైన రోజు సాయంత్రం అందరం హాల్లోనే ఉన్నాం. ఉరుము వినగానే మా ఆయన లేచి రెక్క ఒకటి మూసి, ఒకటి వదిలేశాడు, మట్టి వాసన కోసం. ఆ వాసనంటే నాకెంత ఇష్టమో ఆయనకు తెలుసు. నేను వాసన పీల్చాను. బావుంది, అనుకున్నాను.

అత్తయ్య మంచం మీద అటూ ఇటూ తడుముతోంది. దుప్పటి ఎత్తి చూసింది. దిండు ఎత్తి చూసింది.

"అమ్మాయ్, నా కిటికీ ఎక్కడ పెట్టానో చూడవే" అంది.

మా ఆయన పేపరు దించాడు. నేను చేతిలో ఉన్న గిన్నె కింద పెట్టి, లేచి వెళ్ళి, అలమరలో ఉన్న కళ్ళజోడు తీసి, పసుప్పచ్చ గుడ్డతో తుడిచి, ఆవిడకు పెట్టాను. వచ్చి నా చోట కూర్చున్నాను. ఆయన పేపరు మళ్ళీ ఎత్తుకున్నాడు. ఎవరి మొహంలోనూ ఏ మార్పూ లేదు.

"ఇప్పుడు బావుందా, ఇందాక బావుందా?" అన్నారు మావయ్య అలవాటుగా.

అత్తయ్య తెరిచి ఉన్న రెక్కలోంచి బయటికి చూస్తోంది. వీధి మీద, ఎదురింటి గోడ మీద, నిలిచిన సైకిళ్ళ సీట్ల మీద పడుతోంది. ఆవిడ వేలెత్తి చూపించింది.

"అది" అంది.

"ఏది అత్తయ్యా?"

పెదవులు కదిలాయి, వెతికాయి, ఆగాయి.

"అదే" అంది.

నేనూ అటే చూశాను.

"అదే" అన్నాను.